జీడాకుల పెట్టెతో వైజాగు దాకా

ఉపమాక వెంకన్న సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మొదట మా ఆవిడ మీద ఒట్టు వేద్దామనుకున్నాను. "మీ కబుర్లకి నన్ను పూచీ పెట్టకండి" అని ఆవిడ వంటింట్లోంచే కేకేసింది. నర్సీపట్నంలో నా మోటారు పంపుల షాపుకి సగం మంది మోటార్ల కోసం వస్తారు, సగం మంది నా కబుర్ల కోసం వస్తారు. ఆ రెండో సగం కూడా ఈసారికి నన్ను నమ్మాలి.

ఈ ప్రయాణం మా మేనకోడలు సుధ వల్ల వచ్చింది. మా అక్క నాగమణిది రావికమతం, వాళ్లకి జీడితోట ఉంది. అక్క కూతురు సుధ వైజాగులో హాస్టల్లో ఉండి మొక్కల మీద పరిశోధన చేస్తోంది. ఆకు అడుగున కంటికి ఆననంత చిన్న నోళ్లుంటాయట, ఒక్కో నోటికి రెండు పెదాలు. నీళ్లు దొరకనప్పుడు మొక్కలో ఒక హార్మోను పుట్టి, ఆ పెదాల్లో చేరి, నోరు మూయిస్తుందట, ఒంట్లో తడి బయటికి పోకుండా.

"నోరు మూసుకోమని చెప్పే హార్మోను మావయ్యా. నీకు పుట్టుకతోనే తక్కువ" అంది సుధ.

అది జీడాకులో ఏ కణంలో చేరిందో కళ్లకి కనబడేలా చూపించాలి. అదీ సుధ పని. అంతకుముందు రెండుసార్లు చేస్తే ఆకంతా మసక మసగ్గా వెలిగిందే తప్ప ఏమీ తేలలేదు. ఈసారీ కుదరకపోతే ఇది వదిలేసి వేరే అంశం మొదలుపెట్టమని వాళ్ల గైడు మేడం గట్టిగా చెప్పేశారు. అంటే పిల్ల ఇన్నాళ్ల కష్టమూ గోదాట్లో కలిసినట్టే. నాకూ వైజాగులో పంపుల సామాను కొనే పనుంది. అక్క పెరట్లో పెంచిన మొక్కల ఆకులు కోసి, ఐసు పెట్టెలో వైజాగు తేవాలట; ఆ పెట్టె మోయడానికి నేనొస్తానన్నాను.

ఉదయం ఐదున్నరకి నర్సీపట్నం బస్సు కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాను. మీరెప్పుడైనా వెళితే ఎడమవైపు కిటికీ పట్టండి, కొండలు కనబడతాయి. కుడివైపు కూర్చుంటే చెరుకు ట్రాక్టర్ల వెనక చక్రాలే. ఏడు దాటేసరికి అక్క ఇంట్లో ఉన్నాను.

పెరట్లో నీడన ప్లాస్టిక్ సంచుల్లో ఆరు జీడి మొక్కలు. మూడింటికి రోజూ నీళ్లు. గోడవారనున్న మూడింటికి వారంగా చుక్క లేదు. సుధ హాస్టలు నుంచి ఫోన్లో రోజూ అదే పాట పాడేది: "అమ్మా, ఆ మూడింటి జోలికెళ్లకు." పొద్దుటి చల్లదనానికి ఆరూ తలెత్తుకునే ఉన్నాయి. దాహం మొక్కల సంచుల్లో పైమట్టి దుమ్ములా పొడిగా ఉంది.

ముందు రాత్రి పొద్దుపోయి హాస్టలు నుంచి వచ్చిన సుధ కొత్త బ్లేడుతో ఆకుని చిన్న ముక్కలుగా కోసి, కోసింది కోసినట్టే సీసాల్లోని మందునీళ్లలో వేసింది. ఈ హార్మోను నీళ్లలో ఇట్టే కొట్టుకుపోయే రకం. మందు దాన్ని ఎక్కడున్నది అక్కడే పక్కనున్న ప్రోటీనుకి కట్టేస్తుంది. ఒక్కో మొక్కకీ ఒక్కో సీసా. అన్నీ థర్మాకోల్ పెట్టెలో, ఐసు మధ్యన.

అక్క మాత్రం ఆ పూట తేడాగా ఉంది. మామూలుగా ఉప్మా రెండోసారి వడ్డించకుండా వదలదు. ఆ రోజు మా బస్సు గురించే తొందర. "బేగి ఎల్లండి, ఎండెక్కిపోతది" అని గేటు దాకా నెట్టింది.

తొమ్మిదింటికి చోడవరంలో బస్సు మారాం. నా పక్కన తెల్ల తువ్వాలు భుజానేసుకున్న ఓ పెద్దాయన, పేరు సన్నిబాబు గారు. కూతురింటికి వెళుతున్నారు.

"పెట్టిలో ఏటండి, సేపలా?"

"కాదండి, ఆకులు. ఆకుల్లో దాక్కున్న ఒకణ్ణి పట్టుకోడానికి కుందేలుని పెట్టాం" అన్నాను. సుధ మోచేత్తో పొడిచింది. నేనాగలేదు. ఆ హార్మోను ముఖం ఇదీ అని ఒక కుందేలుకి ముందే చూపిస్తారని, దాని రక్తంలో వీణ్ణి పట్టే కాపలావాళ్లు పుడతారని, వాళ్లని తీసి ఆకు మీద వదిలితే వేలమందిలో ఉన్నా వాణ్ణొక్కణ్ణే పట్టుకుంటారని చెప్పాను. ఆ కాపలావాడికి ఇంకొకడు దీపం తగిలిస్తాడు. దీపం ఎక్కడ వెలిగితే దొంగ అక్కడ. సుధ వాటిని యాంటీబాడీలంటుంది. విషయం నిజమే, ముఖమూ దీపమూ నావి.

సన్నిబాబు గారు అంతా విని, "మరా కుందేలుకి టికెట్టు తీసారేటండీ?" అన్నారు. ముందు సీట్లో కండక్టరు కూడా నవ్వాడు.

సబ్బవరం దాటాక టైరు పోయింది. ఎండలో అందరం దిగి నిలబడ్డాం. పెట్టె మూత తీస్తే ఐసు సగం నీళ్లు. సుధ ముఖం చూడలేకపోయాను. పరిగెత్తి పక్క కిరాణా కొట్లో అడిగాను, లేదన్నాడు. తిరిగొచ్చేసరికి సన్నిబాబు గారు తువ్వాలులో పెద్ద ఐసు గడ్డ మూటగట్టుకుని, నీళ్లు కారుతుండగా వస్తున్నారు.

"సెరుకురసం బండోడు ఇవ్వనన్నాడండి. కుందేలుకి వడదెబ్బ తగిలింది, సచ్చిపోతదిరా బాబూ అన్నాను. ఇచ్చేసేడు."

నా జీవితంలో కబుర్లలో నాకంటే పెద్దవాణ్ణి ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఒంటిగంటకి వైజాగు. కాంప్లెక్సు పక్క మెస్సులో అన్నం, ముద్దపప్పు, చేపల పులుసు. సుధ రెండు ముద్దలు తిని లేచిపోయింది. నేను దగ్గర్లో లాడ్జిలో గది తీసుకున్నాను. ఫ్యాను తిరుగుతుంది, నీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి, మిగతాది నడిచిపోతుంది. మర్నాడంతా నేను పంపుల కొట్ల చుట్టూ తిరిగాను. సుధ ఆకుల్ని ఉల్లిపొరకంటే పల్చగా కోసి, కడిగి, కుందేలు కాపలావాళ్లని రాత్రంతా వాటి మీద వదిలి, మళ్లీ కడుగుతూ ఉందట.

మూడో రోజు పదకొండింటికి తన ల్యాబుకి రమ్మంది. చీకటి గదిలో మైక్రోస్కోపు, పక్కన కంప్యూటరు తెర. గైడు మేడం సన్నగా, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని నిలబడ్డారు.

రోజూ నీళ్లు తాగిన మూడు మొక్కలూ చీకటి. అలాగే ఉండాలట. దాహం మొక్కల్లో మొదటిది సుధ పెట్టింది. నల్లటి తెర మీద జంట జంటలుగా ఆకుపచ్చటి పెదాలు, చవితి చంద్రుల్లా. నేను కేకేయబోతే మేడం చెయ్యెత్తారు. రెండోదీ అంతే. మూడోది పెట్టింది. చీకటి. పక్కకి జరిపింది, ఇంకో ముక్క పెట్టింది. చీకటే.

"మూడింట్లో ఒకటి తప్పితే నేను దేన్ని నమ్మనమ్మా?" అన్నారు మేడం, మెల్లగానే. సుధ ఆ చీకటి ముక్కనే మళ్లీ పెట్టి చూసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

నేను వరండాలోకొచ్చి అక్కకి ఫోన్ చేశాను. ఎందుకో ఆ పొద్దున గేటు దాకా నెట్టిన తీరు గుర్తొచ్చింది.

"అక్కా, ఆ గోడవార మూడో మొక్కని ఏం చేశావు?"

 అవతల వెక్కిళ్లు. "ముందు రోజు సాయంత్రం సూసేన్రా తమ్ముడా. తల వేలాడేసి, సంటిపిల్లలా అయిపోనాది. మనసొప్పలేదు. రెండు సెంబులు పోసేసేను. సుధ సూస్తే సంపేత్తదని పైన పొడిమట్టి సల్లేసేను. ఏటైందిరా? పిల్ల సదువు పోనాదేటి?"

"ఏడవకే, ఏం పోలేదు. నువ్వే నిలబెట్టావు" అని ఓదార్చి, స్పీకరు పెట్టి లోపలికి పరిగెత్తాను. అక్క చేత మళ్లీ మొదటినుంచీ చెప్పించాను. మేడం కళ్లజోడు తీసి, "నీళ్లు పోసింది ఏ మొక్కకమ్మా? ఎప్పుడు?" అని రెండుసార్లు అడిగారు. నీళ్లు తాగితే పూట తిరిగేసరికి ఆ హార్మోను తగ్గిపోతుందట. తాగిన మొక్క చీకటిగానే ఉండాలి.

మేడం నవ్వడం అప్పుడు చూశాను. "సుధా, ఈ సంగతి నీకూ తెలీదు, నాకూ తెలీదు. నీ యాంటీబాడీ పట్టేసింది. ఇంతకంటే మంచి పరీక్ష నేను కూడా పెట్టలేను. మరికొన్ని మొక్కలతో మళ్లీ చెయ్యి. అంశం మార్చక్కర్లేదు."

సుధ ఫోన్ లాక్కుని, "అమ్మా, నిన్ను..." అని తిట్టబోయి, తిట్టలేక, ఫోనుని చెంపకి ఆనించుకుని ఉండిపోయింది. తరవాత ముగ్గురం కేంటీన్లో టీ తాగాం. పిల్ల మూడు సమోసాలు తింది. మూడు రోజుల తర్వాత అది కడుపునిండా తినడం చూసి నాకు గుండె మీంచి మోటారు దించినట్టైంది.

సాయంత్రం నాలుగింటికి నర్సీపట్నం బస్సు. అనకాపల్లిలో బెల్లం వాసన కిటికీలోంచి వచ్చింది. ఒళ్లో పెట్టె లేదు, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. వైజాగు నేను వందసార్లు వెళ్లి ఉంటాను. ఒక ఆకు లోపలికి వెళ్లి రావడం మాత్రం ఇదే మొదలు. బయట రోడ్డు పొడుగునా చెట్లన్నీ ఆ ఎండకి పెదాలు బిగించుకుని నిలబడ్డట్టే కనిపించాయి.

ఇక ఒట్టు సంగతి. కుందేలు వడదెబ్బ నేను కల్పించానని మీరంతా అనుకుంటున్నారు. కాదు, అది జరిగింది. కల్పించింది ఒక్కచోటే. ఫోన్లో అక్క వెక్కివెక్కి ఏడ్చిందని, నేను ఓదార్చానని రాశాను. అక్క ఏడవలేదు, దాచకుండా గబగబా చెప్పేసింది. వరండాలో స్తంభాన్ని పట్టుకుని, వచ్చేపోయే పిల్లలంతా చూస్తుండగా ఏడ్చింది నేను. "ఒరే, మొక్కకి నీళ్లు పోస్తే నువ్వేడుస్తావేట్రా?" అని ఓదార్చింది అక్క.