తువ్వాలు కింద ముద్ర

నిన్న యోగా క్లాస్‌లో టీచర్ రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి పెనవేసి, ఎడమ బొటనవేలు నిటారుగా నిలబెట్టమంది. ఊపిరితిత్తులకి మంచిదట. నా చేతులు వాటంతటవే ఒళ్ళో ఉన్న తువ్వాలు కిందకి వెళ్ళిపోయాయి.

ఎనభైల్లో విదేశంలో, షామ్‌బర్గ్ ఊరి అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మంచు పడితే తలుపు తెరుచుకోని రోజులు, హీటర్ వేడికి గదంతా విక్స్ వాసన, కార్పెట్‌లోకి ఇంకిపోయిన పోపు వాసన. అలాంటి ఒక రోజు నాకు ఆయాసం వచ్చింది. కారు మంచులో కూరుకుపోయింది, డాక్టర్ దగ్గరికి వెళ్ళే దారి లేదు. అమ్మ నన్ను హీటర్ పక్కన కూచోబెట్టి ఇదే ముద్ర పట్టించింది.

"ఊపిరి ఆడేదాకా విప్పకు."

ఎదురుగా నాన్న సంధ్యావందనం చేసుకుంటున్నారు. ముద్రలు పట్టేటప్పుడు ఎవరి కంటా పడకుండా చేతుల మీద తువ్వాలు కప్పుకునేవారు. నన్ను చూసి ఆగిపోయారు.

"ముద్రలు దేవుడికి చూపించేవి, దగ్గుమందు కాదు. విప్పెయ్యి తల్లీ."

"విప్పావో, ఊరుకోను," అంది అమ్మ.

ఎవరి మాట వినాలో తెలియక వేళ్ళు ఇంకా బిగించాను. ఛాతీ కూడా బిగుసుకుపోయింది. నా పిల్లికూతలు విని నాన్న లేచొచ్చారు. చేతులు విడదీస్తారనుకున్నాను. తన తువ్వాలు తీసి వాటి మీద కప్పి, పక్కనే కూచున్నారు.

నిన్న టీచర్ చెప్పగానే అందరూ చేతులు విప్పేశారు. నేను విప్పలేకపోయాను. విప్పమనే నాన్నా లేరు, విప్పొద్దనే అమ్మా లేదు.