వారసుడు కాని కొడుకు

కెనడాలో మా బ్రాంప్టన్ ఇంటి ఓనరు గారు పోయారు. నేను మార్కమ్‌లో ఆఫీసు వీడియో మీటింగులో ఉండగా ఆయన కొడుకు మెసేజ్ పెట్టాడు: "నాన్న ఈ ఉదయం వెళ్ళిపోయారు. బాధపడలేదు. మీ ముగ్గురికీ ముందు చెబుతున్నాను." కెమెరా ఆపేసి కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత అంత్యక్రియలకు వెళ్ళి కోపంతో తిరిగొచ్చాను. అది ఇంకా తగ్గలేదు.

ముగ్గురం అంటే నేనూ, నా ఇద్దరు రూమ్‌మేట్లూ. మేము చదువుకోడానికి దిగిన ఏడాది బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ దొరకడం కాలేజీలో సీటు దొరకడం కన్నా కష్టంగా ఉండేది. ఒక్కో ఇంటి కింద పదేసి మంది, పరుపు పక్కన పరుపు. ఆయన మాత్రం కింద మూడు కిటికీలున్నాయని ముగ్గురికే ఇచ్చారు. పక్కింటాయన నవ్వితే, "కిటికీ లేనిచోట మనిషిని పెట్టను" అన్నారు. జీవితమంతా స్కూల్ బస్సు నడిపిన మనిషి. మంచు పడిన పొద్దున ముందు మా మెట్లు శుభ్రం చేసి, తర్వాతే తన గుమ్మం వైపు వెళ్ళేవారు. వేర్‌హౌస్ షిఫ్టుకి అందరికన్నా ముందు బయల్దేరేది మేమే కదా. ఆ పనికీ టై కట్టుకునే వచ్చేవారు. ఎందుకని అడిగితే, "పని చిన్నదైతే నేనూ చిన్నవాణ్ణి కావాలా?" అనేవారు.

మేము ఆయన్ని అంకుల్ అనే పిలిచేవాళ్ళం. ఒకరోజు ఇంగ్లండ్ నుంచి వచ్చిన కవరు మీద ఆయన పేరుకు ముందు 'సర్' అని ఉండటం చూసి, మా కరీంనగర్ రూమ్‌మేట్ ఎగిరి గంతేసింది. "అక్కా, గిది సూడు! మన అంకుల్ రాజులట!"

ఆయన నవ్వి చెప్పారు. రాజు కాదట, బారోనెట్ అట. ఏనాటి తాతకో ఇంగ్లండ్ రాజు ఇచ్చిన బిరుదు. తండ్రి తర్వాత కొడుక్కి, కొడుకు లేకపోతే మగ దాయాదికి పోతుంది. బంగ్లా, భూములు ఏనాడో అమ్ముడుపోయాయి. ఈయన తండ్రి కెనడా వచ్చి పరాయి పొలాల్లో పని చేశాడు. పెదనాన్న కొడుకు పిల్లల్లేకుండా పోవడంతో, బిరుదు ఒక్కటే సముద్రం దాటి ఈ బస్సు డ్రైవరు దగ్గరికొచ్చింది. "దీంతో ఫర్నేస్ వెలగదు" అంటూ కవరు తీసి ఫ్రిజ్ మీద పడేశారు.

చలికి ఇల్లు వెచ్చబరిచే ఆ ఫర్నేస్ వెలిగించేది ఆయన కొడుకు. ఆ రిపేర్లే అతని వృత్తి. మూడు నెలల పసివాడప్పుడు దత్తత తెచ్చుకున్నారట. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ దాచలేదు. పెంచిన తల్లి మేము దిగేనాటికే పోయింది. ఓనరు గారికి పక్షవాతం వచ్చాక కొడుకు తన అపార్ట్‌మెంట్ వదిలేసి ఆ ఇంట్లోకే వచ్చేశాడు. గడ్డం గీసేవాడు, టోస్ట్ చిన్న ముక్కలుగా కోసి పెట్టేవాడు, వెన్న తక్కువైందని తిట్టించుకునేవాడు, రోజూ టై కూడా తనే కట్టేవాడు. మా నెల్లూరు రూమ్‌మేట్ అది చూసి, "కన్న కొడుకులు గూడా ఇంత చెయ్యరు మే" అంది నాతో.

ఆయన పోయాక మేము ముగ్గురం కలిసి పూలచక్రం పంపించాం. కొడుకు తరఫునే అన్నట్టు నల్ల రిబ్బన్ మీద అతని పేరు వేయించి, ముందు 'సర్' అని చేర్పించాం. మన దగ్గర దత్తత అంటే దత్తతే. ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, తలకొరివి అతనే పెడతాడు. ఇంకో లెక్క ఉంటుందని మాలో ఎవరికీ తోచనే లేదు.

చర్చిలో ముందు వరసలో ఎవరో పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన దూరపు దాయాది, కొత్త సర్ గారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ ఇంటి గుమ్మం తొక్కని మనిషి. అక్కడ పంచిన కాగితం మీద ఓనరు గారి వంశం, పుట్టుక, చదువు అన్నీ ఉన్నాయి. చివర 'సంతానం లేదు' అని ఉంది. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఆ కాగితాలే అందరికీ పంచుతున్నాడు.

"ఇది ఎవరు రాశారు?" అని అడిగాను.

"వాళ్ళ వంశం పుస్తకంలో ఉన్నదే. ఆ వివరాలు ఎప్పుడో నాన్నే పంపారు. రక్తసంబంధం లేకపోతే లెక్కలోకి రాదు, అది రూలు. నాకు పదేళ్ళప్పుడే చెప్పారు: ఇల్లు నీది, కుక్క నీది, నేను నీవాణ్ణి, 'సర్' అనే ఆ ఒక్క మాట మాత్రం నీది కాదు." అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మాట్లాడుతున్నాను. ఆ ఇంట్లో నాకు దొరికిన వెలుతురు ఈ దేశంలో ఇంకెక్కడా దొరకలేదు. కానీ అంకుల్, ముక్కూ మొహం తెలియని మాకు తలా ఒక కిటికీ చూసిన మీరు, చేతుల మీద పెంచిన కొడుకుని 'లేడు' అని ఎలా రాసిచ్చారు? ఫర్నేస్ కూడా వెలిగించని ఆ బిరుదు కోసమా?

ప్రార్థన అయ్యాక దాయాది పూలచక్రం దగ్గర ఆగాడు. రిబ్బన్ చదివి, మర్యాదగానే కొడుకుని పిలిచాడు. "ఇక్కడ చిన్న పొరపాటు జరిగినట్టుంది. సరిచేస్తారా?"

మేము ముగ్గురం తలలు దించుకున్నాం. కొడుకు జేబులోంచి పనికి వాడే చాకు తీసి, తన పేరుకు ముందున్న ఆ ఒక్క మాట వరకూ కోసేశాడు.

"ఇప్పుడు సరిపోయిందా?"

"థాంక్యూ," అన్నాడు దాయాది. నిజంగానే థాంక్యూ అన్నాడు.

పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి. కొత్త సర్ గారికి నడుం నొప్పట. మా కరీంనగర్ పిల్ల ఎవరూ పిలవకుండానే వెళ్ళి ఆ చోటులో నిలబడింది. కొడుకు ముందు వైపు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చెయ్యి గుప్పిట బిగించి ఉంది, వేళ్ళ మధ్య నుంచి నల్ల రిబ్బన్ అంచు కనబడుతోంది. మెట్ల మీద బరువు ఒరిగినప్పుడు కూడా అతను ఆ గుప్పిట విప్పలేదు.