కిటికీ బయట కేకేసే ముసలమ్మ

మా ఇల్లందు బొగ్గుబాయి క్వార్టర్లలో పిల్లలందరూ నన్ను మిషనత్త అనేవాళ్లు. వరండాలో నా కుట్టుమిషన్ ఉండేది. మిషన్ చప్పుడు కంటే నా నోటి చప్పుడే ఎక్కువని మా ఆయన ఎగతాళి. ఎక్కువైతే ఎక్కువ. నోరు లేనిదాని బిందె మా లైన్లో నీళ్ల ట్యాంకర్ దగ్గర నిండేది కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. జాకెట్లకు కొలత ముక్కలు కత్తిరించుకోవడానికి పాత పేపర్ల కొట్టుకు వెళ్లేదాన్ని. తాతల నాటి నుంచీ బజార్లో ఆ వ్యాపారమే చేస్తున్న ముసలాయనది ఆ కొట్టు. అందరం చాచా అని పిలిచేవాళ్లం. ఒకరోజు ఆయన గల్లా కింద నుంచి పెద్ద అట్ట పుస్తకం ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"పొట్లాలకు చింపబుద్ధి కాలే బిడ్డా. బొమ్మలు ఎట్లున్నయో సూడు. నీ పిల్లకు తీస్కపో" అన్నాడు.

పుస్తకమంతా ఇంగ్లీషు. నాది పదో తరగతి, అదీ తెలుగు మీడియం. అట్ట మీది అక్షరాలు కూడబలుక్కుంటే ఐర్లాండ్ అని తేలింది. అక్కడి జానపద కథలని మా ఆయన ఎవరినో అడిగొచ్చి చెప్పాడు. లోపల రాసిందంతా నాకు కొరకరాని కొయ్యే. అయితేనేం, పేజీ పేజీకీ రంగుల బొమ్మ ఉంది, నాకు రెండు కళ్లున్నాయి.

ఎండాకాలం సెలవుల్లో, రెండో షిఫ్ట్ సైరన్ కూసి నాన్నలు బొగ్గు తవ్వడానికి బాయిలోకి దిగాక, లైన్లో పిల్లలంతా తునికి పండ్లు నములుతూ మా వరండాకు చేరేవాళ్లు. నేను మిషన్ ఆపి, పుస్తకం ఒళ్లో తెరిచి, బొమ్మ చూపిస్తూ కథ అల్లేదాన్ని. ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుందని ముందే షరతు. పొద కింద కూర్చుని చెప్పు కుట్టే జానెడు మనిషి, బండ మీద జుట్టు దువ్వుకునే చేపతోక పిల్ల, ఏ బొమ్మకూ నేను తడుముకున్నది లేదు.

"మిషనత్తా, గా ఆవులకు మూపురం ఏది?" అని ఒక పిల్ల అడిగింది.

"అరక కట్టనోళ్ల ఆవులకు మూపురం ఎందుకే? నోర్మూసుకొని ఊ కొట్టు" అన్నాను.

ఇంకో బొమ్మలో ఒకాయన ఎండలో నిలబడి నల్లటి మట్టిని ఇటుకల్లా కోస్తుంటాడు. పక్కన ఇంట్లో అదే మట్టి పొయ్యిలో మండుతుంటుంది. వాళ్ల దేశంలో బొగ్గు పైపైనే దొరుకుతుందని, నాన్నలు బాయిలోకి దిగే పనే లేదని, అన్నం వేళకు ఇంటికొచ్చేస్తారని చెప్పాను. ఆ పేజీ మళ్లీ మళ్లీ తీయించేవాళ్లు. అది బొగ్గు కాదు, కాలే మట్టి అని తర్వాత తెలిసింది. నేను మరీ అంత తప్పేం చెప్పలేదు.

అన్నిటికంటే వాళ్లకు ఇష్టమైంది తెల్లజుట్టు ముసలమ్మ. చీకట్లో ఒక ఇంటి కిటికీ బయట నిలబడి, జుట్టు విరబోసుకుని, నోరంతా తెరిచి అరుస్తుంటుంది. లోపల పొయ్యి చుట్టూ కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడి చూస్తుంటారు. ఆమెను నేను మా మనిషిని చేసేశాను. బాయి కప్పు కూలబోతే ఆమెకు ముందే తెలిసిపోతుంది. పరుగున వచ్చి "ఇయ్యాల దిగకుండ్రి" అని కేకేస్తుంది. అంతా ఇంట్లో ఉండిపోతారు, ఒక్కడికీ దెబ్బ తగలదు.

ఊరికే అల్లలేదు ఆ కథ. అంతకు ముందటేడే వెనక లైన్లో ఒకాయన బాయి కప్పు కూలి చనిపోయాడు. వేళ కాని వేళ సైరన్ మోగితే మేం ఆడవాళ్లం పొయ్యి మీది కూర పొయ్యి మీదే వదిలేసి వీధిలో పడతాం. పిల్లలు అదంతా చూస్తూనే ఉంటారు. ఎవరో ఒకరు ముందే వచ్చి చెబుతారని వాళ్లు నమ్మితే నా సొమ్మేం పోయింది?

లైన్లో పిల్లలందరిదీ సర్కారు బడే. నా కూతురొక్కతే కాన్వెంటు. అది ఐదో తరగతికి వచ్చేసరికి ఇంగ్లీషు గడగడా చదవడం మొదలుపెట్టింది. పైకి మురిసిపోయేదాన్నే గానీ లోపల నాకు దిగులు పట్టుకుంది. ఇది ఆ పుస్తకం చదివిందంటే నా కథల గుట్టు రట్టవుతుంది. లైన్లో పిల్లలు నవ్వితే నవ్వారు, నా బిడ్డ కళ్లలో చులకనైపోతే ఎలా? అందుకే పుస్తకాన్ని బీరువా మీద పెట్టి, కథ వేళకే దించేదాన్ని.

ఆ ఎండాకాలమే ఒక సాయంత్రం పక్క క్వార్టర్ పిల్లవాడు అడ్డం తిరిగాడు. వాడికి పదకొండేళ్లుంటాయి. వాళ్ల నాన్న అప్పుడే క్యారియర్ పట్టుకుని రెండో షిఫ్ట్‌కు పోయాడు.

"గదంత మిషనత్త అల్లిందేరా! బొమ్మల కింద వేరే ఏందో రాసుంటది. అత్త బిడ్డకు ఇంగ్లీష్ వస్తది గద, సదువుమనుండ్రి" అన్నాడు. అంటూనే పేజీలు తిప్పి ముసలమ్మ బొమ్మ దగ్గర ఆపాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏందిరా, తిన్నింటి వాసాలు లెక్కవెడ్తున్నవా?" అన్నాను. ఎవరు వింటారు? సదువు సదువని పిల్లలంతా నా కూతురి మీద పడ్డారు. పుస్తకం లాక్కుంటే నేనే దొంగనవుతాను. ఊరుకున్నాను.

అది పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గీత గీతకూ వేలు పెట్టి, మనసులో చదువుకుంటూ పోయింది. సగంలో వేలు ఆగింది. తలెత్తి నా వైపు చూస్తుందనుకున్నాను. నన్ను కాదు, ఆ పిల్లవాణ్ని చూసింది. మళ్లీ తల వంచుకుని చివరిదాకా చదివింది.

"అవ్, అమ్మ చెప్పినట్లే ఉంది" అంది.

"నిజంగనా?" అన్నాడు వాడు.

"నిజంగనే. గామె అరిస్తే ఎవ్వరికేం కాదు. నాన్నలంత మంచిగ ఇంటికొస్తరు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. కన్నదాన్ని, నాకు తెలియదా? అబద్ధం ఆడితే దాని చెవులు ఎర్రబడతాయి. అందరూ వెళ్లాక ఆ చెవే పట్టుకున్నాను.

"నాకోసం అబద్ధమాడినవా? నీకు నేర్పింది గిదేనా? నా పరువు నేను కాపాడుకుంట, నువ్వేం నిలబెట్టక్కర్లే!"

"నీకోసం కాదమ్మా" అంది చెవి రుద్దుకుంటూ. "గా ముసలమ్మ ఏ ఇంటి ముందట ఏడిస్తే గా ఇంట్ల ఒకరు సచ్చిపోతరట. గట్ల రాసుంది. వాళ్ల నాన్న ఇప్పుడే దిగిండు గద. గది సదివితే నాన్న వచ్చేదాంక వాడు ఎట్లుంటడు?"

పదేళ్ల పిల్ల! అంతమంది మీద పడి అరుస్తుంటే, అమ్మను గేలి చేసినవాడి గురించే ఆలోచించింది. దాన్ని దగ్గరికి లాక్కుని ఏడ్చేశాను. "అబ్బ, ఏందమ్మా గట్ల, ఊపిరాడ్తలే" అని విడిపించుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. అననీ, నా బిడ్డను చూసి నేను ఆ రోజు గర్వపడినంతగా మళ్లీ ఎప్పుడూ పడలేదు.

ఆ తర్వాత అది తెచ్చిన ప్రతి ర్యాంకునూ లైన్ లైనంతా చాటింపు వేశాను. ఈ ఒక్కటే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెప్పాలంటే ఆ బొమ్మకు అసలు అర్థం చెప్పాలి. నాన్నలు ఇంకా బాయిలోకి దిగుతూనే ఉన్నారాయె. కడుపు ఉబ్బిపోతున్నా ఏళ్ల తరబడి నోరు కట్టుకుని తిరిగాను.

ఆ పిల్లవాడి నాన్న చివరి డ్యూటీ చేసి, మెడలో పూలదండతో, కాళ్లూ చేతులూ చక్కగా ఉండి ఇంటికొచ్చిన రోజు ఇక ఆగలేకపోయాను. వాడు అప్పటికి మీసాలొచ్చిన కుర్రాడు. వరండాలో కూర్చోబెట్టి, నా బిడ్డ ఏం చేసిందో విను అని మొత్తం చెప్పాను.

"నాన్న రెండో షిఫ్ట్ పోయిననాడు నాకు నిద్ర పట్టకపోయేది అత్తా" అన్నాడు వాడు. "నీ బిడ్డ సదివి చెప్పినంక పట్టింది."