మునగతోటలో ఆదివారం

వాకాడులో ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి, ఆటో దిగి గేటు దాటామో లేదో, చెప్పుల కింద ఏదో చిటపటమంది. వంగి చూశాను. తేనెటీగలు. ఇసుక మీద కొన్ని చచ్చి పడున్నాయి. కొన్ని వెల్లకిలా పడి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. రెక్కలు కొట్టుకుంటున్నాయి కానీ పైకి లేవలేకపోతున్నాయి.

"అమ్మా, ఇయ్యి నిద్రపోతా ఉండాయా?" అంది మా పాప.

దాన్ని మా ఆయన చేతికిచ్చి పెట్టెల దగ్గరికి పరిగెత్తాను. మా దగ్గర తేనెటీగల పెట్టెలు చూసుకునేది నేనే. మూత ఎత్తగానే లోపలి నుంచి ముఖానికి తగిలే వెచ్చదనమూ, ఆ రొదా ఉంటాయే, అవేవీ లేవు. పెట్టెల ముందు ఈగలు కుప్పలుగా రాలిపోయి ఉన్నాయి. ఒక కుప్ప మీద చెయ్యి పెట్టాను. ఇంకా లోపల ఏదో కదులుతోంది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని అక్కడే కూలబడ్డాను. గట్టిగా కేకలు పెట్టాను.

మేం ఉండే చోటు వాకాడుకు తూర్పున, సముద్రానికి కాస్త ఇవతల, సరుగుడు తోపుల మధ్య. కొన్ని కుటుంబాలం కలిసి ఆ ఇసుక నేల కొనుక్కుని, మట్టి గోడలు లేపుకుని, తాటాకు కప్పుకుని ఉంటున్నాం. అందరికీ ఒకటే వంటిల్లు. తినేది చాలావరకు మేం పండించుకున్నదే, చేతికి డబ్బులొచ్చేది మునగతోట నుంచే. వాన నీళ్లు గుంటల్లో పట్టుకుంటాం, పేడా ఆకూ కుళ్లబెట్టి నేలకిస్తాం. పురుగుమందు, రసాయనపు ఎరువు గేటు లోపలికి రాకూడదన్నది మా మొదటి మాట. ఆ మాట మా అందరిచేతా అనిపించింది మేం 'అన్నా' అని పిలుచుకునే పెద్దమనిషి.

అన్నకు ఒకప్పుడు పురుగుమందుల కొట్టు ఉండేది. ఆయన కొట్లోని మందే కొడుతూ ఆయన సొంత తమ్ముడు వరిమడిలో పడిపోయి, ఆస్పత్రికి చేరకముందే పోయాడు. ఆ తర్వాత కొట్టు మూసేసి, నాటు విత్తనాలు సేకరించుకుంటూ ఊళ్లు తిరిగాడు. కోవూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన ఈ సంగతి చెప్పిన రోజు మా ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. అప్పటిదాకా నేను నెల్లూరులో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. మా ఆయన మోటార్లు రిపేరు చేసేవాడు. అన్న మాట మీదే మేం ఇద్దరం అన్నీ వదులుకుని ఇక్కడికి వచ్చాం. మిగతావాళ్లూ అంతే. ఆయన్ని నమ్మి వచ్చినవాళ్లమే అందరం.

ఆ ఆదివారం అన్న చర్చికి రాలేదు. ఆవు ఈనేలా ఉందని ఉండిపోయాడు. వదిన, అంటే ఆయన భార్య, దొరవారిసత్రంలో చెల్లెలి ఇంటికి పోయి ఉంది. తక్కినవాళ్లలో కొందరు మాతోపాటు చర్చికి వచ్చారు, కొందరు కోవూరులో పెళ్లికి వెళ్లారు.

నా కేకలు విని అన్న పశువుల పాక వైపు నుంచి వచ్చాడు. పెట్టెల వంక చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. నా పక్కన కూర్చుని, ఒక ఈగను అరచేతిలోకి తీసుకుని, దాని రెక్కను వేలితో సవరించాడు. ఆయనకూ నాకున్నంత బాధ ఉందనుకున్నాను. ఆ బాధ అబద్ధం కాదని ఇప్పటికీ నమ్ముతాను.

"ఇది ఆ గుంటలాయన పనే," అన్నాడు మా ఆయన.

మా కంచెకు ఆనుకుని రొయ్యల గుంటలున్నాయి. అవి వాకాడు సాయిబు ఒకాయనవి. మేం భాయ్ అంటాం. మనిషి నెమ్మది. రంజాన్‌కు మా అందరికీ సేమియా పంపేవాడు. కానీ గుంటల నీళ్లు కాలవలోకి వదిలినప్పుడల్లా మాకూ ఆయనకూ మాటామాటా పెరిగేది. అందుకే ఏం జరిగినా మా చూపు ముందు అటే పోయేది.

పొద్దు వాలకముందే మా ఆయనా, అన్నా, నేనూ గుంటల కట్ట మీదికి వెళ్లాం. భాయ్ షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. కూర్చోమని కుర్చీలు లాగాడు. మా ఆయన కూర్చోలేదు.

"ఏం కొట్టినావు భాయ్ నీ గుంటల్లో? మా ఈగలన్నీ చచ్చి పడుండాయి."

"నేనేం కొట్టలేదన్నా. పురుగుమందు గాలికి తగిలితే ముందు చచ్చేది నా రొయ్యలే. నా కొంప నేనే కూల్చుకుంటానా?"

"నువ్వు కాకపోతే ఎవురు? ఆకాశంలోంచి ఊడిపడిందా?"

భాయ్ అన్న వైపు చూశాడు. వాళ్లిద్దరికీ స్నేహం ఉంది కాబట్టి సాయం అడుగుతున్నాడేమో అనుకున్నాను. అన్న కింద మట్టిలోకి చూస్తూ నిలబడ్డాడు. మా ఆయన కోపంలో అనరాని మాటలన్నాడు. మనిషి తిండి తినేవాడివేనా అన్నాడు. భాయ్ ముఖం ఎర్రబడింది కానీ నోరు తెరవలేదు.

"పాండి, పోదాం," అని అన్నే మా ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు.

మర్నాడు వదిన ఊరి నుంచి వచ్చింది. విషయం విని నన్ను పట్టుకుని ఏడ్చింది. అందరూ దిగులుగా ఉన్నారని, వేడిగా ఏదైనా తింటే కాస్త తేరుకుంటారని తనే పొయ్యి దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం వంటింటి ముందు చాపల మీద వరసగా కూర్చున్నాం. వదిన అన్నం వడ్డించి, వెనకే పప్పు గిన్నె పట్టుకొచ్చింది. కొందరి విస్తళ్లలో పప్పు పడింది. మా పాప ముద్ద కలుపుకుంటోంది. అన్న అప్పుడే కాళ్లు కడుక్కుని వచ్చాడు.

"ఏం పప్పు?" అని అడిగాడు.

"మునగాకు. ఇందాకే కోసినా. లేతగా ఉండాది."

ఆ తర్వాత జరిగింది నా కళ్లతో చూశాను కాబట్టి నమ్మాను. అన్న ఒక్క ఉదుటున వచ్చి వదిన చేతిలోని గిన్నెను తన్నాడు. పప్పంతా ఇసుకలో పారింది. వేడి పప్పు ఆయన కాలి మీదే పడింది. ఆయన చూసుకోలేదు.

"ఎవురూ నోట్లో పెట్టొద్దు! తిన్నోళ్లు ఊసేయండి! ఊసేయండి!"

"ఏందయ్యా ఇది? పిచ్చి పట్టిందా నీకు?" అంది వదిన.

"ఆ చెట్లకు మందు కొట్టినాను."

మా ఆయన, చెవిన పడ్డ మాట బుర్రకెక్కనట్టు, "ఎవురు?" అన్నాడు.

"నేనే. నిన్న. మీరంతా చర్చికి పోయినాక."

ఆ వాక్యంలో ప్రతి మాటా తెలుగే, ప్రతి మాటా నాకు తెలిసిందే. అయినా అర్థం కావడం లేదు. అప్పుడు మా పాప చెయ్యి నోటి దగ్గరికి వెళ్లడం కనిపించింది. ఆ చెయ్యి మీద గట్టిగా కొట్టాను. ముద్ద ఎగిరిపోయింది. పాప ఏడుపు అందుకుంది. దాని నోరు తెరిచి, నాలుక మీద వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. మళ్లీ చూశాను.

అప్పటికే ఇద్దరు ముగ్గురు తిన్నారు. వదిన ఉప్పు చూడడానికి పొయ్యి దగ్గరే రుచి చూసింది. అందరినీ వ్యానెక్కించుకుని గూడూరు ఆస్పత్రికి తీసుకెళ్లాం. వ్యానులో అన్న వదిన పక్కన కూర్చోబోతే, ఆమె లేచి వచ్చి నా పక్కన ఇరుక్కుని కూర్చుంది. దారంతా ఆమె కళ్లలో నీళ్లు లేవు. రెప్ప కూడా వేయకుండా ఎదురుగా సీటు వెనకభాగాన్ని చూస్తూ ఉంది. సాయంత్రం దాకా ఉంచుకుని, ఎవరికీ ప్రమాదం లేదని పంపించారు.

తిరిగి వచ్చాక వంటింటి ముందే కూర్చున్నాం. పారిన పప్పు మీద ఎవరో ఇసుక కప్పారు. అన్నను ఎవరూ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

"పోయిన ఏడు కాపు పోయింది. ఈసారి గొంగళిపురుగు చెట్లనిండా పట్టేసింది. మీరు చేత్తో ఏరతా ఏరతా, ఇంక మా వల్ల కాదు, ఊరికి పోదాం అనుకుంటా ఉంటే విన్నాను. మీరంతా పోతారని భయమేసింది. ఒక్కసారి కొడితే ఎవురికీ తెలీదులే, ఆకు కొయ్యొద్దని చెప్తే చాల్లే అనుకున్నా."

ఆకు కొయ్యొద్దని ఆయన శనివారమే మాకు చెప్పిన మాట నిజమే. చెట్లకు కాస్త విశ్రాంతి ఇద్దాం అన్నాడు. ఎంత మంచి ఆలోచన అనుకున్నాం. ఊళ్లో లేని వదినకు ఆ మాట చేరలేదు.

"పువ్వు మీద ఈగలు వాలతాయని నీకు తెలీదా అన్నా?" అన్నాను.

"తెలుసు," అన్నాడు. "తెలిసే కొట్టినా. పెట్టెలు దూరంగా ఉండాయి కదా, కొన్నే పోతాయిలే అనుకున్నా."

"మరి భాయ్‌ని అట్టా తిడతా ఉంటే ఎట్టా ఊరుకున్నావు?"

అన్న తల వంచుకున్నాడు. తమ్ముడిని మందు చేతుల్లో పోగొట్టుకున్న మనిషి మళ్లీ ఆ మందు డబ్బాను భుజానికి ఎలా ఎత్తుకోగలిగాడు? అప్పుడు ఆ ప్రశ్న అడగలేకపోయాను. ఇప్పటికీ అడగలేదు.

పెళ్లై కొత్తగా మాతో చేరిన జంట ఒకటి మర్నాడు పొద్దున్నే సామాను తీసుకుని వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు. గేటు తీసిన చప్పుడు మాత్రం విన్నాం.

ఆ రోజే భాయ్ దగ్గరికి వెళ్లాం. రమ్మని మేం అడగలేదు, అన్నే ముందు నడిచాడు. కాలికి కట్టు ఉంది. షెడ్డు ముందు నిలబడి, చేతులు జోడించి, "భాయ్, ఆ పని చేసింది నేను," అన్నాడు.

"నాకు తెలుసులే," అన్నాడు భాయ్.

మా ఆయన నా వైపు తిరిగాడు. నేను ఆయన వైపు తిరిగాను.

"కట్ట మీద నిలబడుండా ఆ పొద్దున. వాసన తగిలింది. చూస్తే అన్న డబ్బా వీపున ఏసుకుని చెట్ల మధ్య తిరగతా ఉండాడు. గాలి ఎటు మళ్లుతుందో అని నా గుండె దడదడలాడింది."

"తెలిసీ అన్ని మాటలు పడినావే! ఎందుకు చెప్పలేదు భాయ్?" అన్నాడు మా ఆయన.

"మీరంతా ఆయన్ని నమ్ముకుని వచ్చినోళ్లు. మీ ముందర నా నోటితో ఎట్టా చెప్పేది?" అని, అన్న వైపు చూశాడు. "నువ్వు చెప్తావనే చూసినా అన్నా. నా ముందర నన్ను అంటా ఉంటే అయినా చెప్తావనుకున్నా."

అన్న కట్ట మీద కూర్చుండిపోయి, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ పెద్దమనిషి అంత బిగ్గరగా ఏడవగలడని నాకు తెలియదు. కంచె పక్క గుంటలో కొన్ని రొయ్యలు తేలాయని ఆ తర్వాత అక్కడ పనిచేసేవాళ్లు చెబితే తెలిసింది. భాయ్ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడు మునగ కాయ ఒక్కటి కూడా కోయలేదు. పూత రాల్చేసి, కొమ్మలు కొట్టి గోతిలో పూడ్చాం. అన్న తోట పనిలోకి రాకూడదని అందరం కూర్చుని అనుకున్నాం. ఆయన పశువులను మాత్రం చూసుకుంటున్నాడు. వదిన చాలాకాలం ఆయనకు వడ్డించేది కానీ మాట్లాడేది కాదు. నేనూ ఆయన్ని అన్నా అనే పిలుస్తున్నాను. కానీ ఆయన ఏం చెప్పినా, నిజమో కాదో ఇప్పుడు వెళ్లి కళ్లతో చూసుకుని వస్తాను. ఆ సంగతి ఆయనకు తెలుసు. నేను వెళ్లి చూసుకుని వచ్చేదాకా ఆగుతాడు.

మేం కూడా కోవూరు వెళ్లిపోదామనే సంచులు సర్దాం. అవి గోడ వారగా అలాగే ఉండిపోయాయి. ఒకరోజు గిన్నె కావలసి తీశాను, మరొకరోజు పాప గౌను, ఇంకోరోజు దుప్పటి. అలా తీస్తూ పోతే ఒకనాటికి సంచులు ఖాళీ అయ్యాయి. ఉండిపోదామని మేం ఇద్దరం ఎన్నడూ అనుకోలేదు.

ఈ మధ్య నెల్లూరు నుంచి భార్యాభర్తలు ఇద్దరు మా చోటు చూడడానికి వచ్చారు. ఇల్లిల్లూ తిరిగారు, మట్టి గోడలు తడిమి చూశారు. మాతో చేరాలని ఉందన్నారు. వాళ్లకు మజ్జిగ ఇస్తుంటే అన్న పాక దగ్గర నుంచి వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ముందు ఒక మాట వినండి. నేను ఇక్కడ ఒకసారి మందు కొట్టినాను. ఈగలన్నీ చచ్చినాయి. పిల్లలు తినబోయినారు. నేరం ఇంకొకరి మీద పోతా ఉంటే ఊరుకున్నాను," అన్నాడు.

వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ వచ్చిన అమ్మాయి చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. అన్న వెళ్లేదాకా ఆగి, నా వైపు తిరిగి, "ఇంత జరిగినాక కూడా మీరు ఈయనతో ఎట్టా ఉండారక్కా?" అంది.

వంటింట్లో అన్నం వార్చినట్టుంది, గంజి వాసన వస్తోంది.

"భోంచేసి వెళ్లండి," అన్నాను.

ఆమె భర్త వైపు చూసింది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడున్నాయని అడిగింది.