మామ పాటలోని తాత

మా మామ పోయాడన్న కబురు నాకు చెన్నైలో, షోళింగనల్లూరు దగ్గర, ఆఫీసు క్యాబు కోసం నిలబడి ఉన్నప్పుడు తెలిసింది. కుటుంబం గ్రూపులో మామ కొడుకు, మా బావ, ఆయన ఫోటో పెట్టాడు. దాని కింద అప్పటికే వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్య నెల్లూరు నుంచి ఎవరో చూసుకోకుండా పంపిన శుభోదయం పువ్వొకటి. మామ ఉంటే దాన్ని చూసి నవ్వేవాడు. నాకు మాత్రం ఆ పువ్వు పంపినవాళ్ళ మీద ఇప్పటికీ కోపం పోలేదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఉండేది తిరువొత్తియూరులో, రైలు పట్టాలకు ఇవతల. పక్కనున్న మనలి పేటలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో పైపులు, వాల్వులు బాగుచేస్తూ జీవితమంతా గడిపి, ఆఖరికి ఇంటికి దగ్గు తెచ్చుకున్నాడు. చదువుకున్నది తమిళంలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్న మా వాళ్ళందరిదీ ఇదే వరస. తెలుగు నోటికి వచ్చు, చేతికి రాదు. అందుకని మామ తెలుగు మాటను తమిళ అక్షరాల్లోనే రాసుకునేవాడు. ఆ లిపిలో త-కూ ద-కూ ఒకటే అక్షరం. చదివేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. మా ఇంటికి జరిగిన అన్యాయమంతా ఆ అక్షరం మీదుగానే జరిగింది.

రిటైరయ్యాక బావ ఆయనకు ఒక ఫోన్ కొనిచ్చాడు. ఇక చూడాలి ఆయన సంబరం. తిరుపతి దాటి ఎరగని మనిషి పొద్దున కాఫీ తాగుతూ కేదారం హారతి చూసేవాడు. మధ్యాహ్నం బౌద్ధ భిక్షువుల మంత్రాలు వినేవాడు. ఎవరో ఫోటోలు తీసి పెట్టిన తాళపత్రాలను వేళ్ళతో పెద్దవి చేసి చూస్తూ కూర్చునేవాడు. వాటిలో ఒక్క ముక్క ఆయనకు చదవడం రాదు. గుడి వీడియో నొక్కే ముందు మాత్రం చెప్పులు విడిచేవాడు, బస్టాపులో ఉన్నా సరే.

"ఏం మామా, ఫోన్‌కి కూడానా?" అంటే, "ఫోన్‌కి కాదు పాపా, లోపల ఉండే ఆయనకి" అనేవాడు.

"ఆ లోపలాయనకి నీ చెప్పులు యాడ కనిపిస్తాయి?" అని అత్త ఎత్తిపొడిచేది.

ఇంత వెతుకులాటా ఒక్క పాట కోసం. అది మా అమ్మమ్మ పాట. తమిళుల ఆడి నెలలో వచ్చే అమావాస్య నాడు మా ఇంట్లో ఆకు వేసి తాతను అన్నానికి పిలుస్తాం. నెల్లూరు వైపు నుంచి కాలువ మీద ఉప్పు పడవలో వచ్చి ఈ ఊళ్ళో దిగిన మొదటి మనిషి ఆ తాత. పేరు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరు పోయినా, ఆడైనా మగైనా, ఆయనలోనే కలిసిపోతారని మా నమ్మకం. కర్మ రోజున పోయినవాళ్ళను కూడా అదే పాటతో, అదే పిలుపుతో అన్నానికి పిలుస్తాం.

"రావయ్య తాతా, పడవ దిగి రా
ఉప్పు కాళ్ళు కడుక్కొని ఇంట్లోకి రా"

అమ్మమ్మకు ఇంకా చాలా చరణాలు వచ్చేవి. అవి ఆమెతోనే పోయాయి. లోకంలోని పాటలన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే మన పాట ఎందుకు దొరకదని మామ పట్టుదల. మైకు గుర్తు నొక్కి అందులోకి పాడేవాడు. ఫోన్ ఆయన తెలుగును ఒకసారి తమిళమనుకునేది, ఇంకోసారి ఉప్పు అన్న మాట పట్టుకుని ఉప్పుచేపల వేపుడు ఎలా చేయాలో చూపించేది.

అలా వెతుకుతూ వెతుకుతూ ఒక ఆధ్యాత్మిక చానెల్ వాళ్ళ గ్రూపులో చేరాడు. మరుగున పడిన కీర్తనలను వెలికితీస్తామని చెప్పుకునేవాళ్ళు. దానికో గురువు. మామ తన పాట పాడి పంపాడు, తమిళ అక్షరాల్లో రాసి కూడా పంపాడు. ఆ గురువు స్వయంగా ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"మీరు తమిళ లిపిలో రాసుకున్నారు కాబట్టి 'ద' కాస్తా 'త' అయిందండీ. అసలు పదం దాత. అంటే అన్నీ ఇచ్చే భగవంతుడు. ఆ పడవ కూడా మామూలు పడవ కాదు, భవజలధిని దాటించేది. ఎంత గొప్ప తత్త్వమండీ! పామరుల నోట పడి పాడైపోయింది" అన్నాడు.

మామ ముఖం వెలిగిపోయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తన తల్లి పాట పాడైపోయిందన్న మనిషికి, కనబడకపోయినా, వంగి దండం పెట్టాడు. ఆ తర్వాత ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ ఇదే కథ. "మా అమ్మకి చదువు లేదు కదా, తప్పు పాడేసినాది పాపం" అని చెప్పేవాడు. మనవలకు కూర్చోబెట్టి మరీ దాతా అని నేర్పాడు. పిల్లలు కదా, ఇట్టే పట్టేశారు.

కొన్నాళ్ళకు ఆ పాట చానెల్లో వచ్చింది. తంబురా, వేణువు, పట్టుచీరల్లో పాడేవాళ్ళు. మామకు దొరకని చరణాల చోట వాళ్ళే కొత్తవి రాసి అతికించారు. కింద 'అజ్ఞాత భక్తుని నోట లభించిన ప్రాచీన కీర్తన' అని రాశారు. అజ్ఞాతుడట. ఆయన ఫోన్ నంబరు వాళ్ళ దగ్గర లేదా?

పేరు లేదని మామ బాధపడలేదు. ఆయన్ని వేరే ఆలోచన పట్టుకుంది. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"పాపా, మా అమ్మకి అరవం రాయను వచ్చునా?"

"రాదు మామా."

"తెలుగు?"

"అదీ రాదు. వేలిముద్రే కదా."

"ఆమా, వేలిముద్రే. అక్షరమే రానామెకి అక్షరం తప్పు ఎట్ట వస్తాది? వాళ్ళమ్మ నోట విని పాడినాది. అరవంలో రాసింది నేను. నా రాతని చూసి ఆయప్ప మా అమ్మ నోటిని దిద్దినాడు. నేను తలకాయ ఊపినా."

మళ్ళీ తనే అన్నాడు. "రేపు నేను పోతే నన్ను ఏమని పిలస్తారు పాపా? దాతా అనా? నేనెవురికి ఏమిచ్చినా?"

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ వీడియో కింద తన సంగతంతా రాశాడు, తెలుగు మాటలు తమిళ అక్షరాల్లో. చదివేదెవరు? తమిళులకు మాట తెలియదు, తెలుగువాళ్ళకు అక్షరం తెలియదు. మా బతుకంతా అంతే కదా అనిపించింది నాకు. గ్రూపులో మాట్లాడి పంపితే గురువు నుంచి చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. మళ్ళీ పంపితే గ్రూపులోంచి తీసేశారు. చివరికి నా చేత ఇంగ్లీషులో రాయించాడు. "నా పేరు అక్కర్లేదని రాయి. మా తాతని మాకిచ్చేయమను" అన్నాడు. అలాగే రాశాను. కొత్త తరగతులు మొదలవుతున్నాయి, చేరండి అని జవాబు వచ్చింది. చదివి వినిపించాను. "సరి, చేరితే అన్నా మన మాట వింటారేమో అడుగు" అన్నాడు.

ఈలోగా దగ్గు ముదిరింది. ఆస్పత్రి మంచం దగ్గరికి మనవలను పిలిపించుకుని తాతా అనమనేవాడు. తనను పలకరించమంటున్నాడనుకుని వాళ్ళు "తాతా" అని చేయి పట్టుకునేవాళ్ళు. పాట పాడమంటే మళ్ళీ దాతా. దిద్దడానికి ఆయనకు ఊపిరి చాలలేదు.

ఫోన్ మీద నాకు కక్షేమీ లేదు. ఆ చిన్న తెరలో మామ తిరిగినన్ని ఊళ్ళు మా కుటుంబంలో ఎవరూ తిరగలేదు. ఏ మతం పాటైనా, ఏ భాష మంత్రమైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని వినడం నాకు నేర్పింది ఆయనే. "మనకి అర్థం కాలేదంటే తప్పు పాటది కాదు పాపా" అనేవాడు. అందరి పాటలకూ ఆయన ఇచ్చిన ఆ మర్యాద ఆయన పాటకు ఎవరూ ఇవ్వలేదు. నా కడుపుమంటంతా అదే.

కర్మ రోజున ఆకు వేశారు. అన్నం, వడ, ఆయనకిష్టమైన నెత్తళ్ళ పులుసు. పాట దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బావ ఫోన్ తీసి స్పీకరుకు కలిపాడు.

"వద్దు బావా. రెండు ముక్కలే కదా, మనమే పాడదాం" అన్నాను.

"నాకు రాగం సరిగా రాదుమా. దీంట్లో ఫుల్లా ఉంది, సూపరా పాడినారు. నాన్న పాటే కదా" అన్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్న మనిషితో ఏం వాదించను?

తంబురా మొదలైంది. రావయ్య దాతా, భవజలధి దాటించ రా. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళు కళ్ళు మూసుకుని దండం పెట్టారు. మనవలు గొంతు కలిపారు, మామ నేర్పినట్టే, ఎక్కడా తడబడకుండా.

అత్త ఆకు పక్కన కూర్చుని ఉంది. మొగుణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. మనవలు పుట్టాక ఆమెకు కూడా ఆయన తాతే అయ్యాడు. కాసేపు విని నా వైపు వంగింది.

"ఎవుర్ని పిలస్తా ఉండారు పాపా వీళ్ళు?"

ఆమె వాకిలి వైపు తిరిగింది. పాడలేదు. రోజూ అన్నానికి పిలిచే గొంతుతోనే పిలిచింది.

"రా తాతా. కూడు చల్లారిపోతా ఉండాది."

పక్కనే ఉన్న నాకే ఆ మాట సరిగా వినబడలేదు. స్పీకరులో అందరూ గొంతెత్తి దాతను పిలుస్తూనే ఉన్నారు.