తర్వాత రాసిందే మిగులుతుంది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో శాఖలున్న ఒక ప్రైవేటు దవాఖానలో రోగుల వివరాలు దాచే కంప్యూటర్లు నా చేతిలో ఉండేవి. మిర్యాలగూడలో మూడో మిషన్ పెట్టి, పాత రెండింటి మీది భారం మూడింటికీ సర్దాను. ప్రతి రోగి కాగితం మూడు ఊళ్లలోనూ ఉంటుంది, ఒకటి కాలిపోయినా రెండు మిగులుతాయని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ గొప్పలు చెప్పుకున్నాను. ఆ గొప్పలు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒకే మనిషి గురించి రెండు ఊళ్లలో రెండు రకాలుగా రాస్తే, టైము ప్రకారం తర్వాత రాసిందే మిగలాలి, ముందుది చెరిగిపోవాలి. ఆ నియమం పెట్టిందీ నేనే.

ఒక మధ్యాహ్నం మిర్యాలగూడ నుంచి నర్సు ఫోన్ చేసింది. చివ్వెంల దగ్గర కూలిపని చేసుకునే ఒకామె కూతురింటికి వచ్చి, జ్వరంతో చేరిందట.

"సార్, గీ సూది తనకు పడదంటున్నది. సూర్యాపేటల డాక్టర్ రాసుకున్నడంట. కంప్యూటర్ల ఏం లేదు."

మూడు మిషన్లూ చూశాను. మూడింట్లోనూ 'పడని మందులు లేవు' అనే ఉంది.

"మూడు ఊర్లల్ల ఒక్కటే ఉన్నది సిస్టర్. రికార్డుల తప్పుండది. ఆమెనే యాది మరిసినట్టున్నది," అన్నాను.

అరగంటకు మళ్లీ ఫోన్. సూది వేశాక ఆమె మొహం వాచి, ఊపిరాడక కొట్టుకుంటోంది. వెనకాల కూతురు అరుస్తోంది, "మా అమ్మ చెప్పింది గద! చెప్పింది గద!" మూడో రోజు ఆమె పోయింది.

తవ్వి చూస్తే తెలిసింది. సూర్యాపేట డాక్టరు ఆ మందు పడదని నిజంగానే రాశాడు. అంతకు పది నిమిషాల ముందే కోదాడలో 'పడని మందులు లేవు' అని ఉన్న ఆమె పాత చీటీ ఒకటి ఎక్కించారు. కానీ దాని మీద పడ్డ టైము డాక్టరు రాతకు పది నిమిషాల తర్వాతిది. డాక్టరు రాత చెరిగిపోయి, పాత చీటీ మూడు ఊళ్లకూ పాకింది.

కోదాడ వెళ్లాను. కౌంటర్ మీది మిషన్‌లో టైము ఇరవై నిమిషాలు ముందుంది. అక్కడ కూర్చునే అమ్మాయి రోజూ అనంతగిరి నుంచి వచ్చిపోతుంది.

"ఇంట్లో గోడ గడియారం పెట్టినట్టే ముందుకు పెట్టాను సార్. లేకపోతే సాయంత్రం బస్సు తప్పిపోద్ది."

నెల కిందట అదే కౌంటర్ దగ్గర ఆ టైము చూసి నేనూ బస్టాండుకు పరుగెత్తాను. బస్సెక్కి ఫోన్ చూసుకుంటే ఇంకా ఇరవై నిమిషాలుంది. కిటికీ పక్క సీటు దొరికింది. మంచి పనే చేసిందీ పిల్ల అని నవ్వుకుని, ఆ టైమునట్లాగే వదిలేశాను.