మందుల షాపు మావయ్యగారి దాహం

నా చిన్నప్పుడు మా వీధిలో జబ్బులకు పేర్లు ఉండేవి కావు, బిళ్ళలకు రంగులు ఉండేవి. జ్వరం వస్తే తెల్లబిళ్ళ, కడుపులో బాగోకపోతే పసుపుపచ్చ బిళ్ళ, పుండో గడ్డో లేచిందంటే ఎరుపూ నలుపూ కలిసిన గొట్టం బిళ్ళ. ఆ గొట్టం బిళ్ళంటే అందరికీ గురి. రాజోలు రోడ్డు మీద, మా వీధి మలుపులో ఉన్న మందుల షాపు ముందు నిలబడి ఒంట్లో ఎలా ఉందో రెండు ముక్కల్లో చెబితే చాలు. షాపాయన ఒక్కో సీసాలోంచి ఒక్కో బిళ్ళ తీసి, పాత పేపరు ముక్కలో పొట్లం కట్టి ఇచ్చేవారు. దాన్ని సెట్టు అనేవాళ్ళం. పొద్దుటికో సెట్టు, రాత్రికో సెట్టు. అందులో ఏముందని అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాళ్ళూ లేరు. షాపాయన మాకు చుట్టం కాకపోయినా, వీధిలో పిల్లలందరికీ ఆయన మందుల షాపు మావయ్యగారే.

మా మామ్మకు, అంటే నాన్నగారి అమ్మకు, ఒక అలవాటు ఉండేది. ఏ మందైనా బాధ తగ్గేవరకే వేసుకునేది. కాస్త నెమ్మదించగానే మిగిలినవి ఒక డబ్బాలో వేసేది. కువైట్‌లో పనిచేస్తున్న పక్కింటి అక్క ఇచ్చిన పాలపొడి డబ్బా అది. అక్క సెలవుకి వచ్చినప్పుడల్లా సబ్బులూ సెంటు సీసాలతో పాటు అక్కడి బిళ్ళలు కూడా పంచేది. మామ్మ వాటినీ ఆ డబ్బాలోనే దాచేది. ఇక వీధిలో ఎవరికి పంటినొప్పి వచ్చినా, గొంతు పట్టేసినా మా అరుగెక్కేవాళ్ళు. మామ్మ మూత తీసి, ఇది మొన్న నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో అంటూ ఒకటో రెండో చేతిలో పెట్టేది. ఇందులో పిసినారితనమేమీ లేదు. ఉన్నదంతా ఒక్కతే మింగేయడం ఆవిడకు స్వార్థంగా తోచేది. మందుని కూడా పులుసులాగే పక్కింటికి ఓ గిన్నెడు పంపి తినాలనుకునే మనిషి.

ఒక వానాకాలం దొడ్లో పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు ఏరుతుంటే ఆవిడ మడమ కింద ఏదో గుచ్చుకుంది. పసుపు అద్ది ఊరుకుంది. మడమ వాచింది. సెట్టు తెప్పించుకుని వేసుకుంది, వాపు దిగగానే ఆపేసింది. మళ్ళీ వాచింది. ఈసారి వేరే సెట్టు, దాని మీద, అప్పుడు సెలవుకి వచ్చి ఉన్న అక్క ఇచ్చిన కువైట్ బిళ్ళ. రెండు రోజులు తిరగగానే ఆ మిగిలినవీ డబ్బాలోకే వెళ్ళాయి. అలా తగ్గుతూ, తిరగబెడుతూ, ఒక పొద్దున్న మామ్మ మంచం దిగలేకపోయింది. పాదం చీలమండ దాకా కమిలిపోయి ఉంది. జ్వరంతో మాట తడబడుతోంది. ఎవరో తెలియనట్టు నా వంక చూసింది. ఆ చూపుకి నేను ఒకచోట నిలబడలేకపోయాను.

నాన్నగారు పరుగున షాపుకి వెళ్ళి, ఇంకా గట్టి సెట్టు ఏదైనా ఇమ్మన్నారు. మావయ్యగారు సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేశారట.

"ఇంక నేనివ్వకూడదండి. నరసాపురం తీసుకెళ్ళిపోండి. ఆలస్యం చెయ్యొద్దండి."

నాన్నగారికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ అడిగిందల్లా ఇచ్చిన మనిషి, అసలు సమయానికి చేతులెత్తేశాడని తిట్టుకుంటూనే మామ్మని కారెక్కించారు. మామ్మ నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ ఎక్కించుకోక తప్పలేదు.

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు మీదకి మా కారు ఎక్కింది గానీ పంటు కదలదు. కొబ్బరికాయల లారీ ఒకటి ఎక్కాలట. ఆ లారీ ముందుకొస్తుంది, ఆగుతుంది, వెనక్కి పోతుంది. డ్రైవరు దిగి చక్రాల కింద చూసుకుంటాడు. మళ్ళీ మొదలు. నాన్నగారు పంటు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతున్నారు. నేను ఆయన వెనకాల కాసేపు, మామ్మ దగ్గర కాసేపు. అవతలి ఒడ్డున నరసాపురం కనిపిస్తూనే ఉంది. అంత కనిపించే ఊరికి వెళ్ళలేకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు, ఏడుపొచ్చింది.

చివరికి లారీ ఎక్కి, తాడు విప్పుతుండగా సైకిలు బెల్లు వినిపించింది. మందుల షాపు మావయ్యగారు. సైకిలు రేవులోనే పడేసి, రొప్పుతూ ఎక్కేశారు. ఒక చేతిలో షాపు తాళంచెవి, రెండో చేతిలో గుడ్డసంచి. నాన్నగారు మొహం తిప్పుకున్నారు. మావయ్యగారు దూరంగా, కమ్మీ పక్కన నిలబడి నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు. ఇంజను అదురుకి సంచిలో ఏవో గాజుసీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఆయన సంచిని పొట్టకి అదుముకునేవారు. వశిష్ఠ గోదావరి దాటేంతసేపూ మామ్మ మూలుగూ ఆ సీసాల చప్పుడూ తప్ప నాకు మరేం వినిపించలేదు.

నరసాపురంలో డాక్టరుగారు కట్టు విప్పి చూసి, మొట్టమొదట అడిగింది ఇప్పటిదాకా ఏం మందులు వాడారని.

"ఏవో గొట్టం బిళ్ళలండి. ఎరుపూ నలుపూ రంగులో ఉంటాయండి," అన్నారు నాన్నగారు.

డాక్టరుగారికి కోపం వచ్చింది. రంగులు చెబితే నేనేం చెయ్యనన్నారు. ఏది వాడితే లొంగలేదో తెలిస్తేనే ఏది వెయ్యాలో తెలుస్తుంది, గుడ్డిగా మళ్ళీ ఆ మందే వేసి కాలం పోగొట్టుకుంటే పాదం తీసెయ్యాల్సి వస్తుంది అన్నారు. పాదం తీసెయ్యడమన్న మాట నేను వినడం అదే మొదటిసారి. నా పాదాలు నేను చూసుకున్నాను.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మావయ్యగారు ముందుకొచ్చి, సంచిలోవి ఒక్కొక్కటే బల్ల మీద పెట్టారు. తన షాపులోని మందు సీసాలు, చీటీలతో సహా. వాటి పక్కన నలిగిన రేకు ఒకటి. అది కువైట్ బిళ్ళలది. మామ్మ అవి కూడా వేసుకుందని వీధిలో తెలిసి, దానికోసం పక్కింటికి వెళ్ళి, అక్క చేత పెట్టె వెతికించి తెచ్చారట. రేవుకి రావడం అందుకే ఆలస్యమైంది.

"నేనిచ్చేనండి. ముందు ఇదిచ్చేను, తిరగబెడితే ఇదిచ్చేను. మధ్యలో ఆవిడ ఈ రేకులోవి వేసుకున్నారండి. ఏదీ పూర్తిగా వాడలేదు. వాడాలని నేనూ చెప్పలేదండి. అడిగినన్ని ఇచ్చేసేను."

డాక్టరుగారు చాలాసేపు తిట్టారు. బయట బల్ల మీద కూర్చున్న రోగులందరికీ వినపడేలా తిట్టారు. నువ్వు డాక్టరువా, ఎవరిమ్మన్నారు నిన్ను, ఊరంతటికీ ఇలాగే పంచుతున్నావా అని. మావయ్యగారు తల వంచుకుని ప్రతి మాటకీ "ఆయ్... ఆయ్ అండి" అంటూ నిలబడ్డారు. మాకంత పెద్దమనిషి ఆయన. ఆయన్నలా నిలబెట్టి తిడుతుంటే నాకు సిగ్గేసింది, భయమేసింది, ఈ డాక్టరు నోరు మూసుకుంటే బాగుండుననీ అనిపించింది. తిట్టడం అయ్యాక డాక్టరుగారు సీసాల మీది చీటీలు, రేకు మీది అక్షరాలు వరసగా చదివారు. ఇవేవీ కాదని, వేరే మందు రాశారు. పుండు కోసి శుభ్రం చేయించి, అప్పటికప్పుడు ఇంజక్షన్ మొదలుపెట్టించారు.

మామ్మ పాదం దక్కింది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచుకుని, ఇంటికి పంపుతూ బిళ్ళల రేకులు చేతికిచ్చి, నొప్పి లేకపోయినా చివరిదాకా వాడి తీరాలన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. ఇల్లు చేరిన కాసేపటికే మామ్మ చెయ్యి పాలపొడి డబ్బా కోసం వెతకడం మొదలెట్టింది.

ఆ సాయంత్రమే మావయ్యగారు మా గుమ్మంలోకి వచ్చారు.

"పిన్నిగారూ, దాహంగా ఉందండి. మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

నేను గ్లాసుతో తెచ్చాను. ఆయన తాగకుండా పట్టుకుని కూర్చున్నారు. ఒక్కణ్ణే తాగితే బాగోదండి, మీరూ తాగండి అన్నారు. మామ్మకీ తెచ్చాను. ఉత్త నీళ్ళెందుకండి, ఎలాగూ వేళైంది, ఆ బిళ్ళ కూడా వేసేసుకోండి అన్నారు. మామ్మ మింగాక ఆయన గ్లాసు ఖాళీ చేసి, లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ దాహం. సాయంత్రం మళ్ళీ. షాపులో కుండ నిండా నీళ్ళుండగా, కురిసే వానలో తడిసి ముద్దయి వచ్చి దాహమనే మనిషిని నేనింకెక్కడా చూడలేదు. మామ్మకి మొదటిరోజే తెలిసిపోయింది. "మీ మావయ్యగారికి దాహమేసే వేళైంది, గ్లాసులు కడుగు" అనేది నాతో.

ఒకరోజు పక్కవీధి పిల్లాడెవడికో సెగ్గడ్డ లేచిందని విని, మామ్మ బిళ్ళ నోట్లో వేసుకున్నట్టు చేసి తలగడ కిందకి తోసేసింది. నీళ్ళు మాత్రం గటగటా తాగింది. మావయ్యగారు తలగడకేసి చూశారు. ఇంకో గ్లాసు అడిగారు. అది తాగి మరొకటి అడిగారు. ఇంకా దాహం తీరలేదన్నట్టు గ్లాసు నాకేసి చాపేసరికి మామ్మకి నవ్వాగలేదు. తలగడ ఎత్తి, బిళ్ళ తీసి మింగేసింది.

"నేను మొత్తం తినేస్తే ఆ పిల్లాడికేదిరా?" అంది.

"ఆ పిల్లాణ్ణి నేను నరసాపురం తీసుకెళ్తానండి. మీది మీరు తినండి," అన్నారాయన.

తీసుకెళ్ళారు కూడా. మామ్మ రేకులు పూర్తిగా అయిపోయిన రోజున, అడక్కుండానే డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన అందులోవన్నీ తీసుకుపోయి, డబ్బా కడిగి తిరిగిచ్చారు. మామ్మ అందులో మెంతులు పోసుకుంది. నాన్నగారు ఆ రోజు మావయ్యగారికి కుర్చీ వేసి, కాఫీ ఇప్పించారు.

ఆ తరవాత ఆయన చీటీ లేకుండా గొట్టం బిళ్ళలు ఇవ్వడం మానేశారు. పొట్లాలు కట్టడమూ మానేశారు. మందివ్వడు గానీ సవాలక్ష ప్రశ్నలడుగుతాడని ఊళ్ళో విసుక్కుని, సెంటర్లో పెట్టిన కొత్త షాపుకి పోయేవారు. ఆయన షాపులో కూర్చునే బల్ల చాలావరకు ఖాళీగా ఉండేది. దాన్ని చూస్తే నాకు ఉక్రోషం వచ్చేది. సంచి తీసుకుని ఆయన ఆ పంటు ఎక్కకపోయినా అడిగేవాళ్ళెవరూ లేరు కదా. బిళ్ళల రంగులు తప్ప ఇంకేం తెలుసు మాకు?

ఇప్పుడు నేనే మామ్మనయ్యాను, కానీ మందుల షాపు ముందు ఇప్పటికీ ఆనాటిలాగే కుదురుగా నిలబడలేను. మొన్న మనవరాలికి గొంతు వాచి జ్వరమొస్తే డాక్టరుకి చూపించి, చీటీ పట్టుకుని రాజోలులో షాపుకి వెళ్ళాను. నా పక్కనున్నాయన చీటీ ఏమీ లేకుండానే, నిన్నటివే రెండిమ్మన్నాడు. షాపామె కత్తెరతో రేకులోంచి రెండు బిళ్ళలు కత్తిరించి ఇచ్చింది. ఆ ముక్క మీద మందు పేరు సగం కూడా లేదు. నేనుండబట్టలేక, బాబూ, అదేం మందో తెలుసుకున్నావా అన్నాను.

"ఏదోటి లెండి మామ్మగారూ, తగ్గితే చాలు కదండీ," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఎవరో ఏమిటో తెలియని మనిషి. ఇంటికొచ్చాక కూడా అతని పాదాల గురించే ఆలోచిస్తూ అటూ ఇటూ తిరిగాను. ఊరందరి గొడవా నీకెందుకత్తయ్యా అంది కోడలు. నిజమే, ఊరందరి ఇళ్ళకీ నేను వెళ్ళలేను. మా ఇంట్లో మనవరాలి గదిలోకి మాత్రం వెళ్ళగలను.

మనవరాలికి రెండు రోజుల్లో జ్వరం జారిపోయింది. లేచి గెంతుతోంది. బిళ్ళలు ఇంకా మిగిలే ఉన్నాయి. నేను రెండు గ్లాసులతో నీళ్ళు పట్టుకెళ్ళి మంచం మీద కూర్చుంటాను. నీకు రోజూ నా మందు టైముకే దాహం వేస్తుందేంటి మామ్మా అని అడుగుతుంది అది. ఏమోనే అంటాను. ఆ రేకు ఖాళీ అయ్యేదాకా నాకు వేళకి దాహం వేస్తూనే ఉంటుంది.